లెక్కల మాస్టారి జవాబులు: వీడియో ఆపితే పెన్ను కదలడం లేదు

ప్రశ్న: నా వయసు ముప్పై ఆరు. పెరంబూరులో ఉంటాం. ప్యారిస్ కార్నర్ దగ్గర ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఇంటర్లో సీఈసీ, తర్వాత బీకాం. ఐఐటీ మద్రాస్ వాళ్ల ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీలో చేరాలని ఉంది, కానీ అందులో మొదటి మ్యాథ్స్ పేపరు చూస్తేనే టెన్షన్. పుస్తకం తెరిస్తే నిద్ర వస్తుంది. వీడియో చూస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, ఆపి పెన్ను పట్టుకుంటే ఒక్క ముక్క రాదు. చివరికి లెక్కని ఫోన్లో ఫోటో తీస్తే స్టెప్పులన్నీ వచ్చేస్తాయి, అవి నోట్సులో ఎక్కిస్తున్నాను. మా ఆయన ‘ఇదేం చదువు’ అంటున్నారు. నేను పుస్తకం పట్టుకోవాలా, ఫోనా? ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక పాఠకురాలు, పెరంబూరు)

జవాబు: అమ్మా, సీఈసీ వాళ్లు లెక్కలంటే భయపడటం నాకు కొత్త కాదు. రోజంతా పద్దులు టాలీ చేసే మనిషి ఎక్స్‌ని చూసి జంకడం మాత్రం విడ్డూరమే.

ముందు ఆ భయం సంగతి. ఆ డిగ్రీకి జేఈఈ అక్కర్లేదు. పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లీషు చదివి, పన్నెండు పాసైతే చాలు. మీరు సీఈసీ అయినా అడ్డు లేదు. నాలుగు వారాల పాఠాలు చెప్పి, వాటి మీదే క్వాలిఫైయర్ పరీక్ష పెడతారు. మొదటి మ్యాథ్స్ పేపర్లో ఉండేవి సమితులు, ప్రమేయాలు, సరళరేఖలు, క్వాడ్రాటిక్, బహుపదులు, లాగరిథమ్స్, ఆ తర్వాత కొంచెం కాల్‌క్యులస్ (లిమిట్స్, డెరివేటివ్స్, ఇంటిగ్రల్స్), చివర్లో గ్రాఫ్ థియరీ, అంటే చుక్కలు, వాటిని కలిపే గీతల లెక్క. ఆ కాల్‌క్యులస్, గ్రాఫ్ థియరీ పక్కన పెడితే మిగతాది దాదాపుగా అమెరికాలో కాలేజ్ ఆల్జీబ్రా పేరుతో చెప్పే పాఠమే. కాబట్టి ఆ పేరుతో ఉన్న మంచి పుస్తకం ఏదైనా మీకు పనికొస్తుంది. రైస్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్‌స్టాక్స్ పుస్తకం ఉంది, 2015లో మొదట వచ్చింది, 2021లో రెండో ఎడిషన్ తెచ్చారు. పీడీఎఫ్ పైసా ఖర్చు లేకుండా దిగుతుంది. మొత్తం 9 అధ్యాయాలు.

అందరూ మొదటి అధ్యాయం ‘ముందే తెలిసిన సంగతులు’ కదా అని దాటేస్తారు. మీరు దాటకండి. ఘాతాంకాలు, వర్గమూలాలు, కారణాంకాలు, భిన్నాలు అన్నీ అక్కడే ఉన్నాయి. చదువు వదిలి పదిహేనేళ్లయినవాళ్లు పడేది కొత్త పాఠం దగ్గర కాదు, ఇక్కడే. (ఎక్స్ + 3)² అంటే ఎక్స్² + 9 అని రాసేస్తారు. ఎక్స్ బదులు 1 పెట్టి చూడండి. ఎడమ పక్క 16, కుడి పక్క 10. మధ్యలో 6ఎక్స్ మాయమైంది. ఇలాంటి చిల్లర పొరపాటు సరిచేసుకోకుండా లాగరిథమ్ దాకా వెళ్తే అక్కడ ఏం తప్పిందో కూడా తెలియదు.

ఇక వీడియో సంగతి. పక్కింటావిడ ముగ్గు వేస్తుంటే కళ్లార్పకుండా చూసినా మన చేతికి చుక్కలు కుదరవు. వీడియో మానేయమనను. ఖాన్ అకాడమీలో పాఠాలు బాగుంటాయి, ఉచితం కూడా. పొద్దున ఆఫీసుకి వెళ్లే లోకల్ ట్రైన్లో, సీటు దొరికితే, చూడండి. చెప్పేవాడు తర్వాతి లైను రాయబోయే ముందు ఆపి, అదేమై ఉంటుందో మనసులో అనుకుని అప్పుడు వదలండి. అక్కడ వీడియోల పక్కనే అభ్యాసాలు కూడా ఉంటాయి, వాటికే ఎక్కువ టైమివ్వండి.

రాత్రి టేబుల్ దగ్గర మాత్రం పుస్తకం, కాగితం, పెన్ను ఉంటే చాలు. చేసి చూపించిన ఉదాహరణ ఒకటి తీసుకోండి. ప్రశ్న చదివి, కింద సాధన మీద ఒక కాగితం కప్పండి. మీ లైను మీరు రాశాక కాగితం ఒక్క లైను కిందకి జరపండి. కలిసిందా, ముందుకు. కలవలేదా, అక్కడే ఆగండి. తర్వాత అభ్యాసంలో బేసి సంఖ్యల లెక్కలు చేయండి. ఆ పుస్తకంలో జవాబులు వాటికే వెనక ఇచ్చారు. పుస్తకం తెరిస్తే నిద్ర వస్తోందన్నారు. ఊరికే చదివితే ఎవరికైనా వస్తుంది, చేతిలో పెన్ను కదులుతుంటే అంత తొందరగా రాదు.

ఫోటో యాప్‌ని ఎప్పుడు పిలవాలంటే, మీ లెక్క పూర్తయ్యి, జవాబు తప్పని తేలాక. అప్పుడు కూడా స్టెప్పులు నోట్సులోకి ఎక్కించకండి. మీ సాధన, దాని సాధన ఏ లైనులో విడిపోయాయో వెతికి, ఆ ఒక్క లైను కింద ఎర్ర గీత పెట్టండి. ఆడిటర్ మీ పద్దుల్లో తేడా వెతికినట్టే కదా, మీకిది వచ్చిన విద్యే.

ఒక్కోసారి యాప్ జవాబు చెబుతుంది గానీ ఎందుకో అర్థం కాదు. √(ఎక్స్ + 6) = ఎక్స్ తీసుకోండి. రెండు పక్కలా వర్గం చేస్తే ఎక్స్² − ఎక్స్ − 6 = 0 వస్తుంది. మూలాలు 3, −2. యాప్ 3 ఉంచి −2 కొట్టేస్తుంది. ఎందుకు కొట్టేసిందో కాపీ చేసుకున్నవాళ్లు అడగరు. ఫోన్లో గ్రాఫులు గీసిపెట్టే డెస్మోస్ తెరిచి వై = √(ఎక్స్ + 6), వై = ఎక్స్ అని రెండు లైన్లు టైప్ చేయండి. వంపు, గీత ఒక్కచోటే కలుస్తాయి, ఎక్స్ 3 దగ్గర. ఇప్పుడు మూడో లైనుగా వై = −√(ఎక్స్ + 6) ఇవ్వండి. కింద ఇంకో వంపు వచ్చి గీతని −2 దగ్గర తగులుతుంది. వర్గం చేసినప్పుడు ప్లస్సు వంపు, మైనస్సు వంపు రెండూ ఒకటైపోతాయి. ఆ −2 మనం అడగని లెక్క తాలూకు జవాబు. మా కాలంలో బోర్డు మీద చాక్‌పీసుతో వంకరటింకర వంపులు గీసి ఇది చెప్పడానికి పీరియడ్ అంతా పట్టేది. జియోజీబ్రాలో కూడా ఇలాగే చూడొచ్చు.

లాగరిథమ్స్‌కి మాత్రం మీ ఆఫీసే పాఠశాల. ఏడాదికోసారి వడ్డీ అసల్లో కలిసే డిపాజిట్, 8 శాతం. లక్ష రెండు లక్షలు కావాలంటే 1.08ని ఎన్నిసార్లు గుణించాలి? రెండు పక్కలా లాగ్ తీస్తే 2 లాగ్ 0.3010ని 1.08 లాగ్ 0.0334తో భాగించాలి, సుమారు 9 ఏళ్లు. మీ సెక్షన్లో పెద్దవాళ్లు 72ని 8తో భాగించి నోటితోనే 9 అనేస్తారు. సరే, ఇప్పుడు నూటికి రెండు రూపాయల వడ్డీ చూడండి, అంటే ఏడాదికి 24 శాతం, చక్రవడ్డీ అనుకుందాం. 72 లెక్కన 3 ఏళ్లు. మూడేళ్లకి లక్ష నిజంగా ఎంతవుతుంది? 1.24ని మూడుసార్లు గుణిస్తే 1.9066, అంటే లక్షా తొంభై వేల చిల్లర. రెట్టింపు కాలేదు. లాగ్‌తో చేస్తే 3.2 ఏళ్లు దాటుతుంది. వడ్డీ రేటు బాగా పెరిగే కొద్దీ ఆ నోటిలెక్క ఎందుకు తప్పుతుందో మీరే కాల్‌క్యులేటర్ మీద వేర్వేరు రేట్లు పెట్టి చూసి, నాకు రాయండి.

ఇంట్లో కుదరకపోతే ఆదివారం కొట్టూర్‌పురం అన్నా శతజయంతి గ్రంథాలయానికి వెళ్లండి. సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునేవాళ్లకి అక్కడ వేరే విభాగమే ఉంది. మీ ఆయన్ని కూడా తీసుకెళ్లండి, ‘ఇదేం చదువు’ అన్నారు కదా, చూస్తారు.

ప్రశ్న: మా మనవడు అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో చేరాడు. ఈ సెమిస్టర్ ‘కాలేజ్ ఆల్జీబ్రా’ అట. పేరు పెద్దదే గానీ, వీడియో కాల్‌లో చూపిస్తే మన పదో తరగతి లెక్కల్లాగే ఉన్నాయి. వాడు వెనకబడ్డాడా? (ఒక తాతగారు, కోడంబాకం)

జవాబు: వెనకబడలేదండీ. ఇంజనీరింగ్ వైపు పోనివాళ్లు చాలామంది డిగ్రీకి కావలసిన లెక్కల క్రెడిట్ కోసం ఇదే తీసుకుంటారు. కాల్‌క్యులస్ ఉండదు. మన పదో తరగతి, ఇంటర్ మొదటి ఏడాది అంశాలు కలిపి, ప్రమేయాలూ గ్రాఫులూ ఎక్కువ చేసి చెబుతారు. విషయం బాగా వచ్చినవాళ్లకి అక్కడ క్లెప్ అనే పరీక్ష ఉంది, 90 నిమిషాల్లో 60 ప్రశ్నలు. స్కోరు 20 నుంచి 80 దాకా ఇస్తారు, మామూలుగా 50 వస్తే క్రెడిట్‌కి సిఫారసు. వాళ్ల కాలేజీ ఒప్పుకుంటుందో లేదో వాణ్ని ముందే అడగమనండి. మీరు చేయగలిగిన సాయం ఒకటుంది. వాళ్ల హోంవర్క్ సైట్లలో చాలావాటిలో ఒక్కో పిల్లాడికీ అంకెలు మారిపోతాయి, పద్ధతి రాకపోతే స్నేహితుడి జవాబు పనికిరాదు. వారానికి ఒక లెక్క మీకు విడమరిచి చెప్పమనండి. ‘తాతకేం తెలుసులే’ అంటాడు. మీరు పదో తరగతి లెక్క అని గుర్తుపట్టారుగా, ఆ మాట మాత్రం వాడితో అనకండి.

ప్రశ్న: ఇంజనీరింగ్ ఫస్టియర్. ఎక్స్² > 4ఎక్స్ అన్న లెక్క చాట్‌బాట్‌కి ఇస్తే ఒకసారి ఎక్స్ > 4 అంది, మళ్లీ అడిగితే ఎక్స్ < 0 లేదా ఎక్స్ > 4 అంది. ఏది నమ్మాలి సార్? (ఒక విద్యార్థి, తాంబరం)

జవాబు: నమ్మకం ఎందుకు బాబూ, −1 పెట్టి చూడు. ఎడమ పక్క 1, కుడి పక్క −4. అసమీకరణం నిజమైంది, కానీ −1 మొదటి జవాబులో లేదు. అంటే రెండోదే సరైనది. మొదటిసారి రెండు పక్కలా ఎక్స్‌తో భాగించేసి ఉంటుంది. ఎక్స్ రుణాత్మకమైతే గుర్తు తిరగబడుతుంది, సున్నా అయితే భాగించడమే కుదరదు. భాగించకుండా అంతా ఎడమకి తెచ్చి ఎక్స్(ఎక్స్ − 4) > 0 అని రాసి, సంఖ్యారేఖ మీద 0, 4 పెట్టుకో. మూడు ముక్కలవుతుంది. ఒక్కో ముక్క నుంచి ఒక్కో సంఖ్య తీసి పరీక్షించు. పరీక్ష హాల్లో చాట్‌బాట్ ఉండదు గానీ ఆ మూడు సంఖ్యలు పెట్టి చూడటానికి అర నిమిషం చాలు.