పందికి జబ్బు లేకపోయినా నెత్తురెందుకు?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె, పందులు పెంచుతాం. పశువైద్య సిబ్బంది వచ్చి, చలాకీగా తిరుగుతున్న ఐదు నెలల పందిపిల్లల నెత్తురు తీసుకెళ్లారు. రెండు వారాలకు మళ్లీ వచ్చి వాటికే తీశారు. తల్లి పందుల జోలికి పోలేదు. ఎందుకండీ?

జవాబు: వాళ్లు వెతుకుతున్నది జపనీస్ ఎన్‌సెఫలైటిస్, అంటే మెదడువాపు వైరస్. వరిమళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమలు దీన్ని కొంగల నుంచి పందులకు, పందుల నుంచి మనుషులకు చేరుస్తాయి. పంది ఒంట్లో వైరస్ విపరీతంగా పెరుగుతుంది కానీ పైకి ఏమీ కనిపించదు. చూలు పందులు ఈసుకుపోవడం (గర్భస్రావం), చచ్చిన పిల్లలు పుట్టడం లాంటివి జరిగితేనే అనుమానం వస్తుంది.

తల్లి పందికి ఎప్పుడో సోకి ఉంటే ఐజీజీ యాంటీబాడీలు (వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే రక్షక పదార్థాలు) చాలాకాలం ఉంటాయి. ఎప్పుడు సోకిందో వాటిని చూసి చెప్పలేం. మరీ చిన్న పందిపిల్లల్లో జున్నుపాల ద్వారా వచ్చిన యాంటీబాడీలు లెక్క తప్పిస్తాయి. అవి తగ్గిపోయే నాలుగు నుంచి ఆరు నెలల వయసే సరైనది. చెవికి ట్యాగు వేసి, ఊడుపుల ముందు నుంచి అదే పందికి మళ్లీ మళ్లీ తీయాలి. మొదటిసారి నెగెటివ్, తర్వాత పాజిటివ్ వచ్చిందంటే ఆ మధ్యలోనే మీ ఊళ్లో వైరస్ తిరిగిందన్నమాట. మనుషుల్లో కేసులు రావడానికి ముందే ఈ సంగతి తెలిసే వీలుంది. ఏడాదికోసారి వచ్చి వంద పందుల నెత్తురు తీసుకెళ్తే నివేదికలో ఒక శాతం చేరుతుంది తప్ప హెచ్చరిక రాదు. నెత్తుట్లో వైరస్ ఉండేది రెండు నుంచి నాలుగు రోజులే, కాబట్టి వైరస్‌ను నేరుగా వెతికే పీసీఆర్‌కు దొరకడం అదృష్టం.

నమూనాలు ఎక్కువగా పాడయ్యేది దారిలోనే. మూడు నుంచి ఐదు మిల్లీలీటర్లు ఎర్రమూత ట్యూబులోకి తీసి, కదపకుండా అరగంట నుంచి గంట నిలబెట్టాలి. గడ్డకట్టాక పైన తేలే పసుపు నీరు, అంటే సీరం, వేరుచేసి 2–8 డిగ్రీల మధ్య పంపాలి. వారం దాటేలా ఉంటే సీరాన్ని మైనస్ 20లో పెట్టాలి. సీరం తీయకముందే ట్యూబును ఐసుకు ఆనించినా, బైకు డిక్కీలో కుదిపినా ఎర్రకణాలు పగిలి సీరం ఎర్రబారుతుంది. దాంతో ఎలైసా (యాంటీబాడీలను వెతికే ల్యాబు పరీక్ష) ఫలితాన్ని నమ్మలేం.

ప్రశ్న: మా బాబుకి టెక్కలిలో కార్డు టెస్టులో డెంగీ అన్నారు. ప్రభుత్వ ల్యాబులో ఐజీఎం ఎలైసా నెగెటివ్ వచ్చింది. ఏది నమ్మాలి?

జవాబు: ముందు జ్వరం ఏ రోజు మొదలైందో చూడండి. మొదటి ఐదు రోజుల్లో చూడాల్సింది ఎన్‌ఎస్-1 యాంటిజెన్ (వైరస్ ముక్క), ఆ తర్వాత ఐజీఎం (జబ్బు కొత్తలో పుట్టే యాంటీబాడీ). మూడో రోజు నెత్తుట్లో ఐజీఎం లేకపోవడం మామూలే, అంతమాత్రాన డెంగీ కాదని కొట్టేయకూడదు. కార్డు అనుమానానికే పనికొస్తుంది, నిర్ధారణకు సెంటినెల్ ఆసుపత్రిలో (ఇందుకోసం ప్రభుత్వం ఎంపిక చేసిన ఆసుపత్రి) ఎలైసా చేయాలి. ఐజీఎం రెండు మూడు నెలలు నిలుస్తుంది కాబట్టి పాత డెంగీ కూడా కొత్తదిలా కనిపించవచ్చు. డెంగీ, మెదడువాపు వైరస్‌లు ఒకే కుటుంబానివి, పరీక్షలో ఒకదాన్ని చూసి మరొకటి అనిపిస్తాయి. అందుకే చీటీలో జ్వరం మొదలైన తేదీ, మెదడువాపు టీకా వేసిన తేదీ రాయించండి. తేదీ లేని నమూనా ఫలితానికి అర్థం చెప్పడం కష్టం. జ్వరంతో పాటు ఫిట్స్ వచ్చినా, మనిషి తేడాగా మాట్లాడినా పరీక్షల కోసం ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లిపోవాలి. మెదడువాపు అనుమానమైతే అక్కడ వెన్నునీరు కూడా తీస్తారు.

ప్రశ్న: టెక్కలి దగ్గర తేలినీలాపురానికి వలసొచ్చే పక్షుల వల్ల మెదడువాపు వస్తుందా?

జవాబు: అక్కడికొచ్చే గూడబాతుల్ని నిందించకండి. ఈ వైరస్‌కు ప్రధాన ఆశ్రయం తెల్లకొంగలు, గుడ్డికొంగల జాతి. అవి ఏ ఊరి మడిలోనైనా ఉన్నవే.

ప్రశ్న: రాజాం దగ్గర మా ఆవుకి జ్వరం, కుంటు. మూడో రోజుకి లేచింది. మాకు అంటుతుందా?

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి అది మూడు రోజుల జ్వరం అనే పశువుల జబ్బులా ఉంది. దోమలు, చిన్న కుట్టుడు ఈగల వల్ల వస్తుంది, మనుషులకు అంటదు. మెదడువాపు వైరస్ విషయంలోనూ ఆవుని దోమ కుట్టినా, తిరిగి దోమకు అంటించేంత వైరస్ దాని నెత్తుట్లో ఉండదు. అయినా సందెవేళ పశువుల శాలల్లో పీల్చే గొట్టం లాంటి ఆస్పిరేటర్‌తో దోమల్ని పట్టి, జాతులవారీగా యాభై వరకు ఒక గుంపు చేసి పరీక్షకు పంపుతారు, ఎందుకంటే అవి ఎక్కువగా దొరికేది అక్కడే. ఇకముందు ఈ జ్వరం వస్తే నీడ, నీళ్లు చూడండి, పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేయండి. గొట్టంతో నోట్లో మందు పోయకండి. ఈ జబ్బులో మింగే శక్తి తగ్గుతుంది, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.