ఇంప్లాంట్‌కు ముందు దవడ మీద ప్రోబ్ పెట్టేటప్పుడు

అమ్మా,

పంటి ఇంప్లాంట్ కేసుల్లో అల్ట్రాసౌండ్ మొదలుపెడతానన్నావు, సంతోషం. సీబీసీటీ, అంటే దవడను త్రీడీలో చూపే ఎక్స్‌రే స్కాన్, మానేద్దామన్న ఆలోచన ఉంటే మాత్రం ఇప్పుడే వదిలెయ్యి. ధ్వని ఎముక పైపొరకు తగలగానే చాలావరకు వెనక్కి వచ్చేస్తుంది. స్క్రీన్ మీద ఒక తెల్లటి గీత, దాని కింద చీకటి. కింది దవడ నర్వ్ కాలువనూ, సైనస్ అడుగునూ ఆ చీకట్లో వెతకొద్దు. చిగురు మందం, ఎముక గట్టు ఆకారం, మెంటల్ ఫొరామెన్ (కింది దవడలో నరం బయటికొచ్చే రంధ్రం), రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ పెడితే నాలుక కింద రక్తనాళాలు, ఇవి మాత్రం బాగా తెలుస్తాయి.

పొట్ట స్కాన్ ప్రోబ్ పనికిరాదు. హాకీ స్టిక్‌లా వంగిన చిన్న ప్రోబ్, 15 మెగాహెర్ట్జ్ పైది తీసుకో. డెప్త్ 2 సెం.మీ. చాలు. ప్రోబ్ కవర్ లోపలా బయటా జెల్ నిండుగా ఉండాలి, బుడగ ఉంటే వరుస చారలు పడి బొమ్మంతా పాడవుతుంది.

చెయ్యి తేలిగ్గా పెట్టు. ప్రోబ్‌కీ చిగురుకీ మధ్య జెల్ సన్నటి నల్లపొరలా కనిపిస్తూనే ఉండాలి. అది మాయమైందంటే నువ్వు నొక్కేస్తున్నట్టే, చిగురు ఉన్నదానికంటే పల్చగా చూపిస్తుంది. గట్టు మీద చిగురు 2 మి.మీ. ఉందా లేదా అన్నదే ముఖ్యమైన చోట ఆ తేడా చాలా పెద్దది. గీత ఎక్కడైనా తెగినట్టు కనిపిస్తే వెంటనే ఎముకలో లోపం అని రాసెయ్యకు. ప్రోబ్ ఎముకకు నిటారుగా లేకపోయినా గీత అలాగే మాయమవుతుంది. మెల్లగా అటూ ఇటూ వాల్చి, అడ్డంగానూ నిలువుగానూ చూశాకే నమ్ము.

ఎముక గట్టు (రిడ్జ్) వెడల్పు తెలుసుకోవడానికి ఈ పద్ధతిని మించిన తేలిక దారి లేదు. గట్టుకు 3 మి.మీ. కింద గుర్తు పెట్టి, నొక్కకుండా కాలిపర్‌తో బయటి వెడల్పు కొలువు. 9 వచ్చిందనుకో. అదే గుర్తు దగ్గర అల్ట్రాసౌండ్‌లో బుగ్గ వైపు చిగురు 1.5, నాలుక వైపు 2 ఉంటే మిగిలిన ఎముక 5.5. నాలుగు మి.మీ. ఇంప్లాంట్‌కు అటూ ఇటూ ఒకటిన్నర చొప్పున 7 కావాలి, కాబట్టి ఎముకను పెంచే గ్రాఫ్ట్ గురించి ముందే పేషెంట్‌తో మాట్లాడాలి.

ఎముక లోపలి మందాన్ని మెషిన్ కొలతతో ఎప్పుడూ తీసుకోకు. మెషిన్ ధ్వని వేగం సెకనుకు 1540 మీటర్లనుకొని లెక్కేస్తుంది. గట్టి ఎముకలో అది రెట్టింపుకు మించి ఉంటుంది. అందుకే 2 మి.మీ. పలక ఒక మిల్లీమీటరు కూడా లేనట్టు చూపిస్తుంది. కొత్తగా గ్రాఫ్ట్ వేసిన చోట ఆ పదార్థపు గింజలు కూడా తెల్లగానే మెరుస్తాయి, అది ఎముకైపోయిందని అనుకోవద్దు.

మెషిన్ కొనేముందు ఒక్క మాట. దంతాలకే వాడినా మన దగ్గర అల్ట్రాసౌండ్ మెషిన్ 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కిందికే వస్తుంది, రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు అమ్మకూడదు. ముందు జిల్లా వైద్యారోగ్యాధికారి ఆఫీసులో కనుక్కో. ఈలోగా రిజిస్టరైన సెంటర్‌లో రేడియాలజిస్టు పక్కన కూర్చుని, నీ పేషెంట్ల సీబీసీటీ ఎదురుగా పెట్టుకుని, ఆ గీతను చదవడం నేర్చుకో.

ఆశీస్సులతో.