వాహన సందేహాలు: మొరాయించిన కారు సీటు

ప్రశ్న: మా కారులో డ్రైవర్ సీటు స్విచ్ నొక్కితే జరిగే రకం. నేను పొడవరిని కనుక సీటును పూర్తిగా వెనక్కి జరుపుకొని నడుపుతాను. మా ఆవిడ నడిపేటప్పుడు ముందుకు జరుపుకొంటుంది. ఇప్పుడు సీటు వెనుక భాగంలోనే ఆగిపోయింది. ఎత్తు పెంచే స్విచ్, వీపు వాల్చే స్విచ్ మామూలుగానే పని చేస్తున్నాయి. ముందుకు నొక్కితే మాత్రం లోపలి నుంచి మూలుగు వంటి శబ్దం వచ్చి, రెండు మూడు క్షణాల్లో ఆగిపోతోంది. వర్క్‌షాపులో సీటు కింది భాగమంతా మార్చాలంటున్నారు. ఇంట్లోనే సరిచేసుకొనే మార్గం ఉందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీరు రాసిన వాటిలో రెండు వివరాలు సమస్య ఎక్కడుందో దాదాపుగా చెప్పేస్తున్నాయి. మొదటిది, అదే సీటులోని మిగిలిన స్విచ్‌లు పని చేయడం. సాధారణంగా సీటు మోటార్లన్నింటికీ ఒకే ఫ్యూజు, 20 నుంచి 30 ఆంపియర్ల మధ్యది, ఉంటుంది కనుక ఆ ఫ్యూజు గానీ బ్యాటరీ గానీ కారణమయ్యే అవకాశం చాలా తక్కువ. రెండవది, మూలుగు శబ్దం. శబ్దం వస్తోందంటే స్విచ్ నుంచి మోటారుకు కరెంటు చేరుతోంది, మోటారు తిరగడానికి ప్రయత్నిస్తోంది, కానీ ఏదో అడ్డుపడి తిరగలేకపోతోంది. ఇంత తెలిసిన తరువాత, సీటు జరిగే ట్రాక్‌లను ఒకసారి శుభ్రం చేసి చూడకుండా కింది భాగమంతా మార్పించడానికి మీరు ఒప్పుకోవద్దని నా సలహా.

సీటు కింద ఏముందో తెలిస్తే తరువాతి పని సులువవుతుంది. కారు నేలకు బోల్టులతో బిగించిన రెండు ట్రాక్‌లు ఉంటాయి. ఒక్కొక్క ట్రాక్‌లో స్క్రూలాగా మరలున్న పొడవాటి కడ్డీ ఒకటి ఉంటుంది. చాలా కార్లలో ఈ రెండింటికీ మధ్యన 12 వోల్టుల చిన్న మోటారు ఒకటి కూర్చుని, పాత స్కూటర్ల స్పీడోమీటర్ కేబుల్ వంటి వంగే తీగల ద్వారా రెండు వైపులా ఉన్న కడ్డీలను ఒకేసారి తిప్పుతుంది. స్విచ్‌ను ముందుకు నొక్కితే కరెంటు ఒక దిశలో, వెనక్కి నొక్కితే వ్యతిరేక దిశలో ప్రవహించి మోటారు అటూ ఇటూ తిరుగుతుంది. రెండు ట్రాక్‌లలో ఏ ఒక్కటి బిగుసుకున్నా సీటు వంకరగా లాగబడి, రెండవ వైపు బాగున్నా ముందుకు కదలదు. ఇక శబ్దం వచ్చి ఆగిపోవడానికి కారణం ఏమిటంటే, మోటారు వేడెక్కి కాలిపోకుండా కరెంటును ఆపే రక్షణ భాగం దాదాపు ప్రతి సీటు మోటారులోనూ ఉంటుంది. అందువల్ల స్విచ్‌ను పదేపదే నొక్కకండి. ఒకసారి ప్రయత్నించి కదలకపోతే పావుగంట ఆగి, మోటారు చల్లబడిన తరువాతనే మళ్లీ నొక్కండి. బాగున్న మోటార్లు పాడయ్యేది ఎక్కువగా ఈ తొందరలోనే.

ఇప్పుడు పగటి వెలుతురులో టార్చ్‌లైటు పట్టుకొని సీటు కిందికి ముందు వైపు నుంచీ, వెనుక సీటు వైపు నుంచీ రెండు వైపులా చూడండి. కన్ను చేరని చోటికి ఫోను కెమెరాను పంపి వీడియో తీస్తే చాలా కనిపిస్తుంది. ట్రాక్‌కు అడ్డుపడేవి సాధారణంగా చిన్న వస్తువులే: చిల్లర నాణెం, పెన్ను, నీళ్ల సీసా మూత, పిల్లల బొమ్మ ముక్క, ఫోను చార్జర్ తీగ. వెనుక కూర్చున్నవారి గొడుగో, ముడుచుకుపోయిన నేల చాపో కూడా కావచ్చు. వేరుశనగ పొట్టు, బిస్కెట్ తుంపులు, చెప్పులతో వచ్చిన ఇసుక పాత గ్రీజుతో కలిసి ముద్దగా గట్టిపడితే అది నాణెం కన్నా మొండి అడ్డంకి అవుతుంది. మీ సీటు వెనుక చివరి దాకా వెళ్లి ఆగిపోయింది కనుక మరొక అవకాశం కూడా ఉంది. కొన్ని సీట్లలో కడ్డీ చివరి వరకు తిరిగి అక్కడే బిగుసుకుపోతుంది, దానిని ఎదురు దిశలో తిప్పడానికి మోటారు బలం చాలదు.

వీటన్నింటికీ మొదటి చికిత్స ఒకటే. కారును సమతలంగా ఉన్న ఆరుబయట నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ ఆన్ చేయండి, ఎందుకంటే ఇంజిన్ నడుస్తున్నప్పుడు మోటారుకు పూర్తి వోల్టేజి అందుతుంది. సీటులో ఎవరూ కూర్చోకూడదు. ఒకరు స్విచ్‌ను ముందుకు కొద్దికొద్దిగా, ఒక్కొక్క క్షణం మాత్రమే నొక్కుతూ ఉంటే, మరొకరు వెనుక సీటులో కూర్చుని సీటు చట్రాన్ని రెండు చేతులతో పట్టుకొని ముందుకు నెట్టాలి. చేతి వేళ్లు ట్రాక్‌ల దగ్గర ఉండకుండా చూసుకోండి, ఒక్కసారిగా వదిలితే వేళ్లు నలిగిపోతాయి. బిగుసుకున్న సీటు ఈ విధంగా వదులయ్యే సందర్భాలు తక్కువేమీ కావు.

సీటు కదిలిందంటే సగం పని అయినట్లే. దానిని పూర్తిగా ముందుకు తెచ్చి ట్రాక్‌ల వెనుక భాగాన్నీ, పూర్తిగా వెనక్కి తీసుకెళ్లి ముందు భాగాన్నీ శుభ్రం చేయండి. ముందు వ్యాక్యూమ్ క్లీనర్‌తో పొడి ధూళిని లాగి, ఆపైన పాత టూత్‌బ్రష్‌తోనూ గుడ్డతోనూ నల్లబడిన గ్రీజును తుడిచేయాలి. తరువాత తెల్లని లిథియం గ్రీజును మరల కడ్డీకీ, ట్రాక్ లోపలి అంచులకూ పలుచగా పూసి, సీటును ఈ చివర నుంచి ఆ చివర దాకా కొన్నిసార్లు నడిపించండి. ఇంజిన్ ఆయిల్ వాడవద్దు, అది కార్పెట్ మీదికి కారి ధూళిని మరింత పట్టేస్తుంది. డబ్ల్యూడీ-40 వంటి స్ప్రేలు తుప్పును వదులు చేయడానికి పనికివస్తాయి గానీ గ్రీజుకు బదులు కావు. కొద్ది రోజులకే అవి ఆరిపోయి ట్రాక్ మళ్లీ ఎండిపోతుంది.

నెట్టినా కదలకపోతే మోటారు శబ్దాన్ని మరొకసారి శ్రద్ధగా వినమని కోరుతాను. ఇప్పటిలా బరువుగా మూలుగుతుంటే అడ్డంకి ఇంకా లోపలే ఉంది. శబ్దం తేలికగా, ఆటంకం లేకుండా తిరుగుతున్నట్లు వినిపిస్తూ సీటు కదలకపోతే వంగే కేబుల్ తెగిందనో, ప్లాస్టిక్ పళ్లచక్రం అరిగిందనో అర్థం. అప్పుడు కూడా ఆ భాగాన్ని మాత్రమే మార్చే అవకాశం ఉందేమో అడగండి. అసలు ఏ శబ్దమూ రాకపోతే మోటారు కనెక్టర్ దగ్గర టెస్ట్ ల్యాంప్ పెట్టి, స్విచ్ నొక్కినప్పుడు వెలుగుతుందో లేదో చూడాలి. వెలిగితే లోపం మోటారులో ఉంది, వెలగకపోతే స్విచ్‌లోనో తీగలోనో ఉంది.

సీటును ఊడదీయడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇటీవలి కార్లలో చాలావాటికి సీటు వీపు పక్కనే ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, కొన్నింటిలో సీటుబెల్టును బిగించే పేలుడు పరికరం కూడా సీటుకే బిగించి ఉంటుంది. వాటి తీగలు సీటు కింద పసుపు రంగు కనెక్టర్ ద్వారా వెళతాయి. ఆ పసుపు కనెక్టర్ కనిపిస్తే ఇంటి పనికి అదే హద్దు. దానిని లాగడం, దానిలో మల్టీమీటర్ పెట్టడం, దాని దగ్గర బయటి నుంచి కరెంటు ఇవ్వడం ఎంత మాత్రం చేయకండి. ఎయిర్‌బ్యాగ్ పేలితే మనిషి ముఖానికీ చేతులకూ తీవ్ర గాయాలవుతాయి. సీటు ఊడదీయడం తప్పనిసరి అయితే శిక్షణ పొందిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. తిరిగి బిగించేటప్పుడు బోల్టులను కంపెనీ చెప్పిన టార్కుకు, అంటే బిగింపు బలానికి, టార్క్ రెంచ్‌తో బిగించారో లేదో మీరే దగ్గరుండి చూసుకోండి. ప్రమాదంలో సీటును నేలకు పట్టి ఉంచేవి ఆ బోల్టులే కనుక ఇందులో మొహమాటానికి తావు లేదు. అంతవరకు మీ ఆవిడ ఆ కారును నడపకుండా ఉండడమే మంచిది. వీపు వెనుక దిండు పెట్టుకొని పెడల్ అందుకోవడం పరిష్కారం కాదు, బ్రేకును పూర్తి బలంతో తొక్కాల్సి వచ్చినప్పుడు దిండు నలిగి కాలు వెనక్కి పోతుంది.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీరు మా కారులోకి సీటు దాకా వచ్చింది. అప్పట్లో కడిగించి ఆరబెట్టించాం. ఇప్పుడు ముందు సీటు స్విచ్ ఒకరోజు పని చేస్తుంది, మరొకరోజు చేయదు. అప్పుడప్పుడు ఎయిర్‌బ్యాగ్ దీపం కూడా వెలుగుతోంది. ఫ్యూజు మారిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఫ్యూజు పోతే సీటు పూర్తిగా ఆగిపోతుంది తప్ప ఇలా ఒకరోజు పని చేసి మరొకరోజు మానేయదు. వరద నీరు ఆరిపోయినా దానితో వచ్చిన బురద, లవణాలు కనెక్టర్ల లోపల మిగిలిపోయి రాగి పిన్నుల మీద పచ్చని పొడిలాగా పేరుకుంటాయి. అందువల్ల కరెంటు కాసేపు దొరికి కాసేపు దొరకదు. పైగా కార్పెట్ కింది మందపాటి ఫోమ్ పైకి పొడిగా కనిపించినా లోపల చాలా కాలం తేమను దాచుకుంటుంది. కార్పెట్ అంచును ఎత్తి, చేతితో ఫోమ్‌ను నొక్కి చూడడం, సీటు కింది ఎర్త్ బోల్టు తుప్పు పట్టిందేమో గమనించడం వరకు మీరే చేయవచ్చు.

అయితే మీ విషయంలో ఎయిర్‌బ్యాగ్ దీపం వెలుగుతోంది కనుక అంతకు మించి ముందుకు పోవద్దు. ఆ దీపం వెలిగినప్పుడు ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందన్న భరోసా ఉండదు, కనుక ఈ మరమ్మతును వాయిదా వేయకండి. మెకానిక్ బ్యాటరీ నెగెటివ్ తీగను తీసి, మీ కారు మాన్యువల్ చెప్పినంత సేపు ఆగిన తరువాతనే సీటు కింది కనెక్టర్లను ముట్టుకోవాలి. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్‌లో కొంతసేపు కరెంటు నిల్వ ఉంటుంది కనుక ఈ జాగ్రత్త అవసరం. మీ ఊరి ఆటోనగర్‌లో పాత మోటారో ట్రాకో దొరికితే కొనుక్కోవచ్చు. కానీ ఎయిర్‌బ్యాగ్ ఉన్న పాత సీటును మాత్రం ఎంత చవకగా వచ్చినా కొనవద్దు, అది కూడా ఏ వరదలోనో ఏ ప్రమాదంలోనో తడిసి, దెబ్బతిన్న కారుది కావచ్చు.

ప్రశ్న: బ్యాటరీ మార్చినప్పటి నుంచి మెమరీ సీటు (మన స్థానాన్ని గుర్తుపెట్టుకొనే సీటు) సగం దూరం వెళ్లి ఆగిపోతోంది. మోటారు చెడిపోయిందా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మోటారు బాగానే ఉండి ఉంటుంది. కరెంటు పూర్తిగా తెగినప్పుడు కొన్ని కార్లలో సీటు కదలికలను నియంత్రించే మాడ్యూల్ తన హద్దులను మరిచిపోతుంది. సీటును ప్రతి దిశలోనూ చివరి దాకా నడిపి, అక్కడ స్విచ్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే చాలా మోడళ్లలో అది హద్దులను తిరిగి నేర్చుకుంటుంది. మీ కారుకు సంబంధించిన ఖచ్చితమైన పద్ధతి యజమాని మాన్యువల్‌లో ఉంటుంది. ఆ తరువాత మెమరీ బటన్లలో మీ స్థానాలను కొత్తగా నమోదు చేసుకోండి.