పాత ప్రాసెసర్‌కు కొత్త గ్రాఫిక్స్ కార్డు దండగేనా?

ప్రశ్న: చీపురుపల్లిలో చిన్న ఫొటో స్టూడియో నడుపుతున్నాను. 2016లో కొన్న కంప్యూటరులో ఇంటెల్ కోర్ ఐ5-6500 ప్రాసెసర్, హెచ్110 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్, జీటీఎక్స్ 750 టీఐ గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. పగలు పెళ్లి వీడియోల ఎడిటింగ్, రాత్రి మా అబ్బాయి గేములు దానిమీదే. దాని బదులు ఆర్‌టీఎక్స్ 4060 కార్డు వేయిద్దామనుకుంటే, విజయనగరంలో కంప్యూటర్లు అసెంబుల్ చేసే ఒకాయన ‘ఆ ప్రాసెసర్‌కు అంత కార్డు దండగ’ అన్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: ఆయన మాట మీ అబ్బాయి ఆటల విషయంలో చాలావరకు నిజం, మీ పని విషయంలో సగమే నిజం.

గేములో ఏ వస్తువు ఎక్కడ ఉంది, ఏది దేనిని తాకింది, తెరపై ఏమేమి గీయాలి అనే లెక్కలు ప్రాసెసర్ తేల్చి పంపితే, ఆ ప్రకారం కార్డు బొమ్మ గీస్తుంది. సెకనుకు 60 ఫ్రేములు (తెరపై వరుసగా మారే బొమ్మలు) రావాలంటే ఒక్కో ఫ్రేముకు దక్కే వ్యవధి 16.7 మిల్లీసెకన్లు, ప్రాసెసర్ తన వంతు పనికే 20 మిల్లీసెకన్లు తీసుకుంటే, ఎంత ఖరీదైన కార్డు పెట్టినా ప్రాసెసర్ సిద్ధం చేసే ఫ్రేములు సెకనుకు 50 దాటవు. మీ ప్రాసెసర్ 2015లో వచ్చినది, నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు (అంటే ఒకేసారి నాలుగు పనుల వరుసలే నడుస్తాయి). ఇప్పటి పెద్ద గేములలో ఆ నాలుగూ నిండిపోయి ఆట మధ్యమధ్యలో ఆగి ఆగి సాగుతుంది. అయితే రిజల్యూషన్, టెక్స్చర్ల (వస్తువుల ఉపరితలంపై కనిపించే బొమ్మల) నాణ్యత పెంచినప్పుడు ఆ భారం ప్రధానంగా కార్డు మీదే పడుతుంది కనుక, 2 జీబీ మెమరీ ఉన్న కార్డు నుంచి 8 జీబీ కార్డుకు మారితే ఫ్రేములు ఆశించినంత పెరగకపోయినా బొమ్మ మాత్రం ఎంతో మెరుగవుతుంది.

డబ్బు పెట్టకముందే దీనిని పరీక్షించవచ్చు. ఇప్పుడున్న కార్డుతోనే గేము రిజల్యూషన్‌ను, కార్డుకు బరువైన సెట్టింగులను మెట్టుమెట్టుగా దించుతూ ఫ్రేములు ఎన్ని వస్తున్నాయో చూడండి. ఇంకా దించినా ఆ సంఖ్య పెరగకపోతే అది ప్రాసెసర్ విధించిన హద్దు. కొత్త కార్డు వచ్చినా ఇంచుమించు అక్కడే ఉంటుంది. టాస్క్ మేనేజరులో ప్రాసెసర్ వాడకం 70 శాతమే చూపిందని భరోసా పడవద్దు, ఎందుకంటే ఒక్క థ్రెడ్ నిండిపోయినా కార్డు ఖాళీగా ఎదురుచూడవలసివస్తుంది.

ఇక ఎడిటింగ్. రంగుల దిద్దుబాటు, ఎఫెక్టులు, చివరి ఎక్స్‌పోర్టు వంటి పనులలో కార్డుకు పెట్టిన సొమ్ము బాగానే దక్కుతుంది. ఒక్క మెలిక ఉంది: కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు కొన్ని రంగుల వివరాలను ఎక్కువగా దాచే 10-బిట్ 4:2:2 పద్ధతిలో రికార్డు చేస్తాయి, దానిని డీకోడ్ చేసే (తెరపై ఆడేలా విప్పే) ఏర్పాటు 4060లో లేదు. ఆ బరువంతా మళ్లీ మీ పాత ప్రాసెసర్ మీదే పడి టైమ్‌లైన్ కదలడం మొరాయిస్తుంది. కాబట్టి మీ కెమెరా మెనూలో రంగుల వివరాలు కొంత తగ్గే 4:2:0 ఎంచుకోండి, లేదా ప్రాక్సీ ఫైళ్లతో (అసలు వీడియోకు తేలికపాటి నకళ్లతో) ఎడిటింగ్ చేయండి.

నా దృష్టిలో మీ కంప్యూటరులో అన్నిటికన్నా ముందు మారవలసినవి ర్యామ్, పవర్ సప్లై. 8 జీబీతో పెళ్లి వీడియో ఎడిటింగ్ చేయడం మీ ఓపికకు పరీక్ష; ఇప్పుడున్నది ఒకే స్టిక్ అయితే పక్కన మరో 8 జీబీ పెట్టించండి. పాత కార్డు 60 వాట్లతో మదర్‌బోర్డు స్లాటు నుంచే నడిచేది. 4060కి 115 వాట్లు కావాలి, విడిగా పవర్ కేబుల్ పెట్టాలి, తయారీదారు సూచించేది 550 వాట్ల పవర్ సప్లై. కరెంటు వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉండే చోట చవకరకం పవర్ సప్లైని నమ్ముకోవడం మంచిది కాదు. మీ బోర్డులో కార్డు కూర్చునే స్లాటు పీసీఐఈ 3.0 తరానిదనీ, కార్డు 4.0 తరానిదనీ ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి, సాధారణంగా తేడా స్వల్పమే.

మొత్తం సిస్టమ్ మార్చమనడానికి అసలైన కారణం మరొకటి ఉంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితాలో మీ ప్రాసెసర్ లేదు. అందువల్ల కార్డునూ పవర్ సప్లైనీ రేపటి సిస్టమ్‌కు తీసుకువెళ్లే ఉద్దేశంతోనే ఇప్పుడు కొనండి. ఈ బోర్డుకు ఐ7-7700 వంటి ఏడో తరం ప్రాసెసర్ల వరకే, అదీ బయాస్ (బోర్డులో ముందే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశాక, పనిచేస్తాయి. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఒకేలా కనిపిస్తుంది కనుక ఎనిమిదో తరం ఐ5 సరిపోతుందని సెకండ్‌హ్యాండ్‌లో ఎవరైనా చూపితే కొనకండి, హెచ్110 బోర్డు మీద అది పనిచేయదు.