టీ చవకైతే బోస్టన్‌కు కోపమెందుకు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో బ్రిటిష్ పాలన కింద ఉన్న 13 అమెరికా వలసల గురించి రాశాం. నల్లగొండ, పాలమూరు వైపు నుంచి చాలా ఉత్తరాలొచ్చాయి. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి నాలుగింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

1773 టీ చట్టంతో అమెరికాలో టీ ధర తగ్గిందని మా పుస్తకంలో ఉంది. పన్ను పెంచితే తిరగబడ్డారంటే అర్థముంది. చవగ్గా ఇస్తామంటే సముద్రంలో పారబోయడం ఏంటి సార్?
– డిగ్రీ విద్యార్థిని, నాగర్‌కర్నూల్

పౌండు టీకి 3 పెన్నీల సుంకం ఉండేదమ్మా. ఆ డబ్బు ఎవరి జేబులోకి పోయేదో చూస్తే విషయం తేలిపోతుంది.

ప్రతి వలసలోనూ ఒక గవర్నర్, జనం ఎన్నుకున్న ఒక సభ ఉండేవి. ఎక్కువ చోట్ల గవర్నర్‌ను పంపేది రాజే. సభ చేసిన చట్టాన్ని గవర్నర్ కొట్టేయొచ్చు, ఆయన ఒప్పుకున్నా లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ (రాజు సలహా మండలి) రద్దు చేయొచ్చు. ఇక సభకు మిగిలిన బలమేంటి? చాలా వలసల్లో గవర్నర్ జీతం మంజూరు చేసేది సభే. మొండికేస్తే జీతం ఆపేవాళ్లు, అప్పుడు ఆయన కొంత దిగొచ్చేవాడు. 1767లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన టౌన్షెండ్ చట్టాలు గాజు, సీసం, రంగులు, కాగితం, టీ మీద సుంకం వేసి, ఆ ఆదాయంలోంచి గవర్నర్లకు, జడ్జీలకు నేరుగా జీతాలివ్వొచ్చన్నాయి. 1770లో మిగతా సుంకాలు తీసేసి టీ మీద మాత్రం ఉంచారు. 1772కల్లా బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ వలస గవర్నర్ థామస్ హచిన్సన్ తన జీతం ఇక రాజు ఖజానా నుంచే వస్తుందని సభకు చెప్పేశాడు. అంటే చవక టీ తాగినవాళ్లే తమ సభ బలాన్ని తీసేయడానికి డబ్బు కట్టినట్టు.

ఇంకో సంగతి కూడా ఉంది. అప్పుల్లో మునిగిన ఈస్టిండియా కంపెనీ గోదాముల్లో టీ గుట్టలుగా పడి ఉంది. దాన్ని అమ్ముకోవడానికి, వలసల్లోని వర్తకులను పక్కకు నెట్టి, తాను ఎంచుకున్న ఏజెంట్ల ద్వారానే నేరుగా అమ్మే వీలు ఆ చట్టం కల్పించింది. బోస్టన్ ఏజెంట్లలో ఇద్దరు హచిన్సన్ కొడుకులే! డచ్చి టీ దొంగచాటుగా తెచ్చి అమ్ముకునే వర్తకుల లాభం కూడా దెబ్బతింటుంది కాబట్టి, ఆ కోపమంతా సూత్రం కోసమే అని నేను చెప్పను. 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో 342 టీ పెట్టెలు నీళ్లలో పడ్డాయి. ఆ టీ చైనాది, మన అస్సాందని కొందరు అనుకుంటారు. అయితే మన దేశం ఆ గొడవలో లేకపోలేదు. పెన్సిల్వేనియా నాయకుడు జాన్ డికిన్సన్ ఆ ఏడాదే రాసిన కరపత్రంలో బెంగాల్ కరువులో జనం చచ్చిపోవడాన్ని గుర్తుచేసి, అదే కంపెనీ ఇప్పుడు మన మీదికొస్తోందని హెచ్చరించాడు.

మేం విత్తనాలు, మందులు ఉద్దెర తెచ్చిన దుకాణానికే పత్తి వేయాలి, వాళ్లు చెప్పిందే రేటు. అమెరికాలోని వర్జీనియా వలసలో పొగాకు ఆసాములు కూడా అప్పులపాలయ్యారని రాశారు. అన్ని వందల ఎకరాలుండి ఎట్లా?
– పత్తి రైతు, చండూరు, నల్లగొండ జిల్లా

వాళ్ల పరిస్థితీ అచ్చం మీదేనండీ, కాకపోతే దుకాణం సముద్రం అవతల ఉండేది.

ఇంగ్లండ్ పార్లమెంటు చేసిన 1660 చట్టం ప్రకారం పొగాకు, చక్కెర, నీలిమందు లాంటి సరుకులను ఇంగ్లండ్‌కో దాని వలసలకో తప్ప ఇంకెక్కడికీ నేరుగా పంపకూడదు, అది కూడా ఇంగ్లండ్ లేదా వలసల ఓడల్లోనే. 1663లో ఇంకో చట్టంతో యూరప్ నుంచి వచ్చే సరుకు కూడా చాలావరకు ఇంగ్లండ్ రేవు మీదుగానే రావాలన్నారు. అమ్మకానికీ కొనుగోలుకూ ఒకటే గుమ్మం. ఫ్రాన్స్‌కు చేరాల్సిన పొగాకు కూడా ముందు బ్రిటన్‌లో దిగి, అక్కడి వర్తకుడి చేతుల మీదుగా మళ్లీ ఓడ ఎక్కేది.

ఆరిన ఆకును దాదాపు 1000 పౌండ్లు, అంటే నాలుగున్నర క్వింటాళ్లు పట్టే చెక్క పీపాల్లో అదిమి నింపేవాళ్లు. ఆ పీపాకే ఇరుసు బిగించి, ఎద్దులనో గుర్రాలనో కట్టి, దొర్లించుకుంటూ నది ఒడ్డున ఉన్న గిడ్డంగికి చేర్చేవాళ్లు. వర్జీనియాలో 1730 చట్టం వచ్చాక అక్కడి ఇన్‌స్పెక్టర్లు పీపా విప్పి చూసి, పనికిరాని ఆకును తగలబెట్టించేవాళ్లు. పాసైన సరుకుకు ఇచ్చే రసీదు ఊళ్లో డబ్బులా చెల్లేది, ఎందుకంటే నాణేలకు ఎప్పుడూ కటకటే.

పెద్ద ఆసాములు సరుకును లండన్ వర్తకుడి పేర పంపేవాళ్లు. ఓడ కిరాయి, సుంకం, గోదాము ఖర్చు, కమీషన్ అన్నీ కోసుకున్నాక మిగిలింది ఖాతాలో పడేది, అదే ఖాతా మీద బట్టలు, పింగాణీ, పనిముట్లు తెప్పించుకునేవాళ్లు. పంట ఎంతకు పోయిందో తెలిసేసరికి నెలలు గడిచేవి. మన దగ్గర తక్‌పట్టీ (మార్కెట్లో ఇచ్చే లెక్క చీటీ) చేతికొచ్చాక గానీ తరుగు ఎంత తీశారో తెలియదు చూడండి, అట్లా. చిన్న రైతులకు గ్లాస్గో వర్తకులు ఊళ్లలోనే దుకాణాలు తెరిచి ఉద్దెర ఇచ్చి పొగాకు తీసుకునేవాళ్లు. సాక్షాత్తూ జార్జ్ వాషింగ్టనే 1764 నాటికి లండన్‌లోని రాబర్ట్ కేరీ కంపెనీకి సుమారు 1,800 పౌండ్ల డబ్బు బాకీపడ్డాడు. ధర తక్కువ కట్టారని, పంపిన సామాను నాసిరకమని ఆయన ఉత్తరాల నిండా ఫిర్యాదులే. తర్వాత పొగాకు మానేసి గోధుమకు మళ్లాడు. అందరికీ ఆ వీలుండదు.

అయితే ఆ చట్టాల వల్ల నష్టమే జరిగిందంటే తప్పవుతుంది. బోస్టన్ వైపు ఉత్తరాది వలసల్లో, అంటే న్యూ ఇంగ్లండ్‌లో, ఓడల తయారీ పెరగడానికి అవే కారణం. కరోలినా నీలిమందుకు 1748లో పార్లమెంటు పౌండుకు 6 పెన్నీల ప్రోత్సాహకం ఇచ్చింది.

మా పాలమూరు కూలీలు మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకుని డ్యాముల పనికి పోయేవాళ్లు. అమెరికాలో అలాంటివాళ్లు ఉన్నారా? వాళ్లూ బానిసలూ ఒకటేనా?
– రిటైర్డ్ టీచర్, మహబూబ్‌నగర్

ఉన్నారు సార్, ఒకటి కాదు. ఓడ టికెట్‌కు డబ్బుల్లేని ఇంగ్లండ్, ఐర్లండ్, జర్మనీ పేదలు సాధారణంగా 4 నుంచి 7 ఏళ్ల చాకిరీకి కాగితం రాసిచ్చి వచ్చేవాళ్లు. ఓడ దిగగానే ఆ కాగితాన్ని ఎవరో కొనుక్కునేవారు. యజమాని ఒప్పుకోకుండా పెళ్లి చేసుకోకూడదు, పారిపోయి దొరికితే గడువు పెంచేవాళ్లు. బతికి బట్టకడితే మాత్రం గడువు తీరాక స్వేచ్ఛ.

1619లో వర్జీనియాకు తెచ్చిన ఆఫ్రికన్ల సంతతికి ఆ గడువు కూడా లేకుండా పోయింది. తల్లి బానిసైతే బిడ్డా బానిసే అని 1662లో వర్జీనియా చట్టం చేసింది. ఆ చట్టం చేసింది లండన్ కాదు, వలసవాసులు ఎన్నుకున్న సభే. దీన్ని నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే సభల హక్కుల గురించి అంత రాసి దీన్ని వదిలేయడం అన్యాయం. అమెరికా స్వాతంత్ర్య విప్లవం నాటికి వలసల జనాభాలో దాదాపు ఐదోవంతు నల్లజాతివారు, వాళ్లలో అత్యధికులు బానిసలు. ఓటు ఆస్తి ఉన్న మగవాళ్లకే.

అప్పుడు మన నల్లగొండ కూడా బ్రిటిష్ వాళ్ల కిందే ఉందా?
– ఇంటర్ విద్యార్థి, దేవరకొండ

లేదు బాబూ, నిజాం అలీఖాన్ కింద ఉంది. అమెరికా వలసల్లో కాగితాల మీద పన్ను వేసిన స్టాంపు చట్టం వచ్చిన 1765లోనే కోస్తాలోని ఉత్తర సర్కారులకు కంపెనీ మొఘల్ చక్రవర్తి నుంచి ఫర్మానా సంపాదించింది, 1766లో నిజాంతో ఒప్పందం చేసుకుంది. 1781లో యార్క్‌టౌన్ దగ్గర అమెరికన్లకు, ఫ్రెంచివారికి లొంగిపోయిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. 1790 నుంచి 1792 దాకా ఆయన టిప్పు సుల్తాన్ మీద చేసిన యుద్ధంలో మన నిజాం సైన్యం ఆయన పక్కనే నిలబడింది.