అను ఫాంట్‌లో ఉన్న పాత సంచికల్ని ఆన్‌లైన్‌కి తేవడం ఎలా?

ఇరవై ఏళ్ల తెలుగు పరిశోధన త్రైమాసిక పత్రిక, అంతా పుటలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్‌తో కట్టింది. పరిశోధన పత్రికల్ని ఆన్‌లైన్‌లో పెట్టే ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో పీడీఎఫ్‌లు ఎక్కించేస్తే సరిపోదా అని ఒకరు అడిగారు.

సరిపోదండీ. ఆ పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేసి చూడండి. తెలుగు రాదు, ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గందరగోళం పడుతుంది. గూగుల్‌కి అందేదీ అదే. ‘తిక్కన’ అని వెతికినవాళ్లకి మీ వ్యాసం దొరకదు. సైటు పెట్టడం చిన్న పని, ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తించే యూనికోడ్‌లోకి మార్చడమే పెద్ద పని.

ఏ అను వెర్షన్‌లో కట్టారో ముందు మీ డీటీపీ ఆపరేటర్‌ని అడగండి. అనుని యూనికోడ్‌గా మార్చే కన్వర్టర్‌లో వెర్షన్ తప్పితే అక్షరాలు తారుమారవుతాయి. ఇంగ్లిషు మాటల్ని పక్కన పెట్టుకోండి, లేకపోతే వాటినీ తెలుగనుకుని మార్చేస్తుంది. అను కోడ్ అక్షరానిది కాదు, అచ్చులో కనబడే ముక్కది. అందుకే వత్తులు, ముఖ్యంగా క్రావడి, పక్క అక్షరానికి పోయి అంటుకుంటాయి. ప్రతి పుటనీ అచ్చు ప్రతితో సరిచూడాల్సిందే. పద్యాలుంటే ఇద్దరు చూడాలి.

వెబ్ పేజీగా పెట్టే హెచ్‌టీఎంఎల్ ప్రతిలో పాత పుట మారినచోటల్లా [47] అని అంకె ఉంచండి. పాత సిద్ధాంత గ్రంథాలు మీ వ్యాసాల్ని అచ్చు పుటలతోనే ఉదహరించి ఉంటాయి. ఆ ఆచూకీ పోగొట్టకూడదు.

పేర్ల దగ్గర చాలామంది పొరబడతారు. మనకి ఇంటిపేరు ముందు వస్తుంది, ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ ఫారంలో మాత్రం సొంత పేరు గడి ముందుంటుంది. వరసగా నింపుకుంటూ పోతే ఉదహరింపుల్లో రచయిత పేరు తలకిందులవుతుంది. ఇంటిపేరు దాని గడిలోనే వేసి, బయటికి కనిపించే పేరు కోసం విడిగా ఉన్న గడిలో మన వరసలో పూర్తి పేరు రాయండి.

అచ్చు పత్రికకున్న ఐఎస్ఎస్ఎన్ (పత్రిక గుర్తింపు సంఖ్య) ఆన్‌లైన్‌కి చెల్లదు. వేరే సంఖ్య కావాలి, ఢిల్లీలో సీఎస్‌ఐఆర్-నిస్పర్‌లో ఉన్న జాతీయ కేంద్రం ఉచితంగా ఇస్తుంది. క్రాస్‌రెఫ్ సంస్థలో ఒక్కో వ్యాసానికి డీఓఐ (శాశ్వత గుర్తింపు సంఖ్య) తీసుకుంటే అందులో పుట సంఖ్యలు ఇరికించకండి. తర్వాత అంకె తప్పని తేలినా ఒకసారి నమోదైన డీఓఐని మార్చలేరు.

పాత రచయితలు అనుమతి ఇచ్చింది అచ్చుకి మాత్రమే. ఆన్‌లైన్‌కి మళ్లీ రాతపూర్వకంగా అడగండి, కన్నుమూసినవారైతే వారసుల్ని అడగండి. ఈ ఉత్తరాలు మొదటి రోజే పంపండి, మీరు ఫాంట్ మార్చేలోగా జవాబులు వస్తుంటాయి.