మట్టి పరీక్షల చదువుకు మన కర్నూలు వైపు ఉద్యోగాలున్నాయా? బోర్‌ల దగ్గర నిలబడ్డ అనుభవంతో నా జవాబు

తమ్ముడూ, నీది ఆదోని. కర్నూలులో బీటెక్ సివిల్ మూడో ఏడాది. సాయిల్ మెకానిక్స్ బాగా నచ్చింది, జియోటెక్నికల్‌లోకి, అంటే కట్టడాల కింది మట్టినీ రాతినీ పరీక్షించే పనిలోకి పోదామనుంది. ఇంట్లోవాళ్లేమో "మట్టి చూస్తే ఎవరు జీతమిస్తారు, సాఫ్ట్‌వేర్ నేర్చుకో, లేదంటే గ్రూప్స్ రాసుకో" అంటున్నారు. అసలు ఉద్యోగాలున్నాయా, ఎంటెక్ తప్పదా, మన జిల్లాల్లోనే ఉండి పని చేసుకోవచ్చా అని అడిగావు.

ఉన్నాయి. కానీ "జియోటెక్నికల్ ఇంజనీర్ కావలెను" అని ప్రకటన వేసి పిలిచే ఉద్యోగాలు ఒట్టి బీటెక్‌కు చాలా తక్కువ. పక్క వాకిట్లోంచి దూరాలి. నేనూ అట్లే దూరాను.

మాది కోవెలకుంట్ల దగ్గర పల్లె, మొత్తం నల్లరేగడి. ఎండాకాలం వచ్చిందంటే మా జేజి గదిలో గోడ మూలన ఏటవాలుగా బీట విచ్చుకునేది. ఐదు రూపాయల బిళ్ళ దోపితే అందులో నిలబడేది. వానలు పడ్డాక మళ్లీ మూసుకునేది. మేస్త్రీ ఏటా వచ్చి సిమెంటు పూసి పోయేవాడు, మరుసటి వేసవికి పూసిందీ పగిలేది. ఆయనకు పని రాదని ఇంట్లో అందరూ తిట్టేవాళ్లు. కాలేజీలో ఫ్రీ స్వెల్ టెస్ట్ (మట్టి నీళ్లలో ఎంత ఉబ్బుతుందో చూసే పరీక్ష) చెప్పినప్పుడు మా పెరటి మట్టి ఒక సంచిలో తీసుకుపోయాను. ఎండబెట్టి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టి, పది పది గ్రాములు రెండు కొలజాడీల్లో పోసి, ఒకదాంట్లో కిరోసిన్, ఇంకోదాంట్లో నీళ్లు నింపి వదిలేశాం. మర్నాటికి కిరోసిన్‌లో మట్టి 12 గీత దగ్గర కూర్చుంది, నీళ్లలో 22 దాకా ఉబ్బింది. అంటే 83 శాతం. 50 శాతం దాటి ఉబ్బే మట్టిని జాతీయ రహదారి కట్టకు వాడనివ్వరు, మేం ఏకంగా దాని మీద ఇల్లే కట్టుకున్నాం. పాపం, మేస్త్రీ తప్పేం లేదు.

2013లో హైదరాబాద్‌లోని ఒక సాయిల్ ఇన్వెస్టిగేషన్ కంపెనీలో సైట్ ఇంజనీర్‌గా చేరాను. జీతం 12 వేలు, భత్యం వేరే. ఏ ఊళ్లో బోర్ (మట్టి నమూనాల కోసం నేలలోకి వేసే రంధ్రం) ఉంటే ఆ ఊళ్లో బస. చేరిన కొత్తలో రిగ్ (బోర్ వేసే యంత్రం) వాళ్లు నన్ను చూసి "మేడమ్, మీరు నీడలో కూచోండి, రీడింగులు మేం చెప్తాం" అనేవాళ్లు. మర్యాదగానే అన్నారు, కానీ ఈ పని పాడయ్యేది సరిగ్గా అక్కడే.

ఎస్‌పీటీ, అంటే నేల ఎంత గట్టిదో సుత్తి దెబ్బలతో చూసే పరీక్ష, గురించి పుస్తకంలో చదివుంటావు. నేలలోకి దింపే గొట్టం మీద 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడాలి. మొదటి 15 సెంటీమీటర్లకు పడిన దెబ్బలు వదిలేసి, తర్వాతి 30కి పడినవి లెక్కబెడితే అదే ఎన్ వాల్యూ. సైట్లో జరిగేది వేరు. మధ్యాహ్నం రెండయ్యేసరికి తాడు లాగేవాళ్ల చేతులు పడిపోతాయి. సుత్తి 75కు బదులు 50 లేస్తుంది. దెబ్బలో బలం తగ్గుతుంది కాబట్టి అదే లోతు దిగడానికి ఎక్కువ దెబ్బలు పడతాయి, కాగితం మీద నేల ఉన్నదానికంటే గట్టిగా కనబడుతుంది. డిజైన్ చేసేవాళ్లు ఆ అంకెను నమ్మి పునాది లెక్క వేస్తారు. అందుకే నేను గైడ్ రాడ్ మీద 75 దగ్గర ఎర్ర పెయింట్‌తో గీత గీయించి, ఎదురుగా నిలబడేదాన్ని. రెండు రోజులు విసుక్కున్నారు. మూడో రోజు నుంచి తాడు లాగే పిల్లోడే "గీత దాటింది మేడమ్" అని అరిచేవాడు.

అంత జాగ్రత్తగా ఉన్నా దెబ్బ తగిలింది. ఏడాది అనుభవం వచ్చాక బనగానపల్లె వైపు ఒక ఓవర్‌హెడ్ ట్యాంకుకు బోర్ వేస్తున్నాం. 2.8 మీటర్ల దగ్గర సుత్తి ఎగిరెగిరి పడుతోంది. 50 దెబ్బలకు నాలుగు సెంటీమీటర్లు కూడా దిగలేదు. "రాయి తగిలింది మేడమ్, ఇంక పోదు, రాసుకోండి" అన్నాడు డ్రిల్లర్. నిజానికి అక్కడ డైమండ్ బిట్‌తో ఇంకో మూడు మీటర్లు కోసి, అది నిజంగా రాయేనని కోర్ (కడ్డీలా కోసి తీసే రాతి నమూనా) తీసి చూసుకోవాలి. బిట్ ఇంకో సైట్లో ఉంది. చీకటి పడేలోపు తర్వాతి పాయింట్‌కు పోవాలని పైనుంచి ఫోన్లు. "రిఫ్యూజల్ (ఇంక దిగదు), రాయి" అని లాగ్ షీట్‌లో, అంటే బోర్‌లో ఏ లోతున ఏం తగిలిందో రాసే కాగితంలో, రాసి సంతకం పెట్టాను. రెండు నెలల తర్వాత పునాది గుంత తవ్వుతుంటే జేసీబీ పంటికి ఒకటిన్నర అడుగుల మందం నాపరాయి పలక లేచొచ్చింది. దాని కింద మెత్తటి పసుపు బంకమట్టి, వేలు పెడితే దిగిపోయేంత మెత్తన. నాపరాయి పొరలు పొరలుగా ఉంటుందని, పొరల మధ్య మట్టి ఉంటుందని బండలు కొట్టేవాళ్ల పిల్లలకు కూడా తెలుసు. ఆ చుట్టుపక్కలే పెరిగిన నాకు తెలియదా? తెలుసు. ఆ సాయంత్రం గుర్తుపెట్టుకోలేదు, అంతే. మళ్లీ బోర్లు వేయడానికి పదకొండు రోజులు పట్టింది, ఖర్చు కంపెనీదే. తిట్లు మాత్రం నాకే. బిట్ పంపనివాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. ఆ కోపం ఇంకా ఉంది నాకు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఈ లైన్‌లో నీ విలువ డిగ్రీలో కంటే ఆ లాగ్ షీట్ మీది సంతకంలో ఉంటుంది.

ఇక పని ఎక్కడ దొరుకుతుందంటే, మన వైపే కావలసినంత ఉంది. గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు చూసే ఉంటావు. అట్లాంటి చోట్ల బోర్లతో పాటు పైల్‌ను (నేలలోకి దింపే పునాది స్తంభాన్ని) పైకి లాగి చూసే పరీక్ష, ఎర్తింగ్ కోసం నేల రెసిస్టివిటీ (కరెంటును నేల ఎంత అడ్డుకుంటుందో), కేబుళ్ల కోసం థర్మల్ రెసిస్టివిటీ (వేడిని ఎంత అడ్డుకుంటుందో) అన్నీ చేస్తారు. అనంతపురం వైపు గాలిమరలకు, వాటి నుంచి లైన్ లాగే టవర్లకు కూడా మట్టి పరీక్షలు తప్పవు. పిన్నాపురంలో 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ (నీళ్లు పైకి తోడి, కిందికి వదిలి కరెంటు తీసే కేంద్రం) వచ్చింది. అక్కడ మట్టి కంటే రాయి పని ఎక్కువ, ఇంజనీరింగ్ జియాలజిస్టులతో కలిసి పనిచేస్తావు. కోర్ బాక్సులు చదవడం వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి, మన సిలబస్‌లో ఉన్న రెండు పేజీలు చాలవు. అవుకు టన్నెల్లో వదులు పొర తగిలి పని ఏళ్ల తరబడి ఆగిన సంగతి మన జిల్లాలో ఎవరినడిగినా చెప్తారు.

బీటెక్‌తో తొందరగా దొరికేది మాత్రం హైవే క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్. బెంగళూరు–కడప–విజయవాడ రోడ్డు లాంటి పనుల్లో కాంట్రాక్టర్ ల్యాబ్ ఒకటి, కన్సల్టెంట్ తరఫు మనుషులు వేరే. ప్రాక్టర్, సీబీఆర్, ఫీల్డ్ డెన్సిటీ, అంటే రోడ్డు మట్టి ఎంత గట్టిగా అణిగిందో, ఎంత బరువు తట్టుకుంటుందో చూసే పరీక్షలు, పొద్దున లేస్తే ఇవే. విసుగు పుట్టే మాట నిజమే, కానీ నాలుగైదేళ్లు నిలబడితే మెటీరియల్ ఇంజనీర్ అవుతావు. గవర్నమెంటు కావాలంటే ఇరిగేషన్ ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) పోస్టులు ఏపీపీఎస్సీ ద్వారా వస్తాయి. పరీక్ష సివిల్ మొత్తం మీద ఉంటుంది, జియోటెక్ ఒక భాగమే. కాబట్టి మీ ఇంట్లోవాళ్ల మాటకూ నీ ఇష్టానికీ అక్కడ పెద్ద తగాదా లేదు. హంద్రీ-నీవా లాంటి కాలువలు నల్లరేగడిలోంచి పోయేచోట లైనింగ్ వెనక ఉబ్బని మట్టి పొర వేయకపోతే పలకలు లేచిపోతాయి. ఆ కాలువల మీద పనిచేసే ఇంజనీరుకు నీ సబ్జెక్ట్ రోజూ పనికొస్తుంది.

ఎంటెక్ సంగతి. డిజైన్‌లోకి, అంటే మెట్రో, లోతైన తవ్వకాలు, పైలింగ్, గ్రౌండ్ ఇంప్రూవ్‌మెంట్ పనుల్లోకి పోవాలంటే ఎంటెక్ కావాలి. ఢిల్లీలోని సీఎస్ఎంఆర్ఎస్ (కేంద్ర మట్టి, నిర్మాణ సామగ్రి పరిశోధన కేంద్రం), సీఆర్ఆర్ఐ (కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ) లాంటి వాటి మీద కన్నుంటే కూడా ఎంటెక్ ఉంటే మేలు. గేట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుని వరంగల్ ఎన్‌ఐటీకో, ఐఐటీకో పో. ఊరికే ఇంటి దగ్గరి కాలేజీలో సీటొచ్చిందని చేరి రెండేళ్లు పోగొట్టుకోకు. నేనైతే రెండేళ్లు రిగ్ దగ్గర తిరిగి తర్వాత చేశాను. క్లాసులో కన్సాలిడేషన్ (బరువు కింద మట్టిలోని నీళ్లు మెల్లగా బయటికి పోయి నేల కుంగడం) చెప్తుంటే నాకు ఫార్ములా కంటే ముందు కేసీ కెనాల్ పక్క బురద గుర్తొచ్చేది. అట్లా చదివితే మరిచిపోవడం కష్టం.

సొంతంగా ల్యాబ్ పెట్టుకోవచ్చా అంటావేమో. పెట్టుకున్నవాళ్లున్నారు. కానీ ఇల్లు కట్టేవాళ్లు ఫోన్ చేసి "మేడమ్, రిపోర్ట్ కావాలి, బోర్ వద్దు" అంటారు. ఎస్‌బీసీ (నేల భద్రంగా మోయగల బరువు) ఎంత రాయాలో కూడా వాళ్లే చెప్తారు. అట్లా రాసిచ్చేవాళ్లు దొరుకుతున్నారు, రేటు కూడా తక్కువే. వాళ్లతో పోటీపడి నిలబడటం ఒక టెన్షన్. అది తట్టుకునే ఓపిక వచ్చాక ఆ సంగతి చూడు.

బంధువులకు మాత్రం ఎంత చెప్పినా అర్థం కాదు. ఇప్పటికీ నన్ను చూస్తే మా జేజి "మన చేనికి ఏ ఎరువు వేయాల పాపా, నువ్వు మట్టి డాక్టరువి గదా" అని అడుగుతుంది. అది భూసార పరీక్ష, నాది వేరని పదేళ్లుగా చెప్తూనే ఉన్నా.

నువ్వు ఇప్పుడే చేయగలిగింది ఒకటుంది. ఓర్వకల్లు వైపో, కొత్త రోడ్లు పడుతున్న చోటో మూడు కాళ్ల ట్రైపాడ్, దాని పక్కన నీళ్ల డ్రమ్ము కనబడితే బండి ఆపు. డ్రిల్లర్‌కు టీ ఇప్పించి, స్ప్లిట్ స్పూన్ (రెండుగా విడిపోయే మట్టి నమూనా గొట్టం) విప్పేటప్పుడు పక్కన నిలబడనిమ్మని అడుగు. మట్టి చేతికి తీసుకో, నలిపి చూడు, ఏం మట్టో నీ నోట్‌బుక్‌లో రాసి, ఆ తర్వాత సైట్ ఇంజనీర్ ఏం రాశాడో చూడు. ఎండాకాలమైతే పొద్దున తొమ్మిదిలోపే పో, పన్నెండు దాటితే వాళ్లు కూడా పని ఆపి చెట్టు కింద పడుకుంటారు.